ఎరుపుకు వెల ఎంత?

ఫోటోను చూసి బొమ్మ వెయ్యడం కూడా ఒక కళేనా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ముందు అడిగినవారి వాలకం చూస్తాను. వారు చిత్రకారులైతే నోరు మూసుకుంటాను. నా వంటి వారైతే, అంటే నలభై దాటిన తరువాత కుంచె పట్టిన సంసారులైతే, కాఫీ ఇప్పించి మరీ వాదిస్తాను.

నా వృత్తి తెలుగు చెప్పడం. ఎం.ఏ. అందులోనే చేశాను. కడపలో ఒక కాలేజీలో చాలా ఏళ్ళుగా సంధులూ, సమాసాలూ, ప్రబంధాలూ చెప్పుకొంటూ కాలక్షేపం చేస్తున్నాను. నూనె రంగుల పిచ్చి ఈ మధ్యనే పట్టుకున్నది. దీనివల్ల మా ఇంట్లో జరిగిన ముఖ్యమైన మార్పు ఏమిటంటే, వసారాలో బట్టలారేసుకొనే చోటు పోయింది. టర్పెంటైను వాసన సాంబారులోకి కూడా దిగుతున్నదని మా ఆవిడ అంటుంది. ఆ మాటలో అతిశయోక్తి పాలు ఎంతో నేను తేల్చలేదు. అలంకారశాస్త్రం చదువుకొన్నవాడు ఇంట్లో ఆ శాస్త్రం ప్రయోగించకూడదు.

ఇక వాదం. ఫోటోగ్రఫీ సంగతి లోకానికి వెల్లడి అయింది 1839లో. రెండేళ్ళకు, 1841లో, జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు రంగును తగరపు గొట్టంలో నింపి మూత బిగించే ఉపాయం కనిపెట్టాడు. మొదటిది ఎండను ఇంట్లోకి పట్టుకొచ్చింది. రెండోది రంగుల పెట్టెను ఎండలోకి తీసుకుపోయింది. అప్పటి నుంచి ఈ రెండూ తోడికోడళ్ళ మాదిరి ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాయి. ఒకరినొకరు ఆడిపోసుకుంటారు గాని ఒకరి గిన్నెలు ఒకరు వాడుకోక తప్పదు. రాజా రవివర్మ (1848-1906) ఫోటోలు ముందు పెట్టుకొని చిత్రాలు రాసినవాడే. ఆయన 1894లో పెట్టిన అచ్చుయంత్రం పుణ్యమా అని లక్ష్మీ సరస్వతులు మన దేవుడి గూళ్ళలోకి వచ్చి కూర్చున్నారు. ఫ్రాన్సు దేశపు డెగా 1895 ప్రాంతంలో తానే కెమెరా పట్టుకొని ఫోటోలు తీశాడు. అంతవారే చేసిన పనిని కడపలో ఒక లెక్చరరు చేస్తే తప్పేమిటండీ?

పైగా నేను రాయదలచుకొన్నది సంత. పళ్ళెంలో పెట్టిన మామిడిపండ్లయితే రెండు రోజులు కదలకుండా ఉంటాయి, పిల్లలు చూడకపోతే. సంత కదలకుండా ఉండదు. మీరు ఒక గంపకు అంచు గీసేలోగా ఆ గంప ఇంకొకరి నెత్తి మీద పోతూ ఉంటుంది. మాటలతోనైతే సంతలో నడవవచ్చు. క్రీడాభిరామంలో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల వెంబడి నడుస్తూ కనబడినవారినందరినీ చూస్తూ పోతారు. చదివేవాడు కూడా వారి వెంట నడుస్తాడు. నూనె రంగులకు ఆ సదుపాయం లేదు. ఒకే ఒక నిమిషాన్ని పట్టుకొని అందులోనే అంతా చెప్పాలి. ఆ నిమిషాన్ని పట్టి ఇచ్చేది ఫోటో.

నా ఫోటోలో ఉన్న నిమిషం 2023 సెప్టెంబరు నెలలోది. చోటు పాత కర్నూలు జిల్లాలో పడమటి వైపు ఒక టమేటా మార్కెట్టు. ఊరి పేరు చెప్పను. పత్తికొండ, దేవనకొండ, ఆస్పరి, ప్యాపిలి, ఆ చుట్టుపక్కల ఎక్కడ నిలబడి తీసినా అదే ఫోటో వచ్చేది. మాది ఆ ప్రాంతమే. మా నాయన పొలం ఇప్పుడు మా అన్న చేస్తున్నాడు. నేను ఎం.ఏ. చదివిన డబ్బు ఆ పొలంలో పండిన బుడ్డలది. కోస్తా వారు వేరుశెనగ అంటారే, అది మా వైపు బుడ్డలు. టమేటాకు పుస్తకాల్లో రామములగ అనే చక్కని పేరున్నది గాని, ఆ పేరుతో మార్కెట్టులో అడిగితే మందుల అంగడి చూపిస్తారు.

ఫోటోలో ఏమున్నదంటే: ముందు వైపు ప్లాస్టిక్ బాక్సుల వరుస, వాటి నిండా పండ్లు. బాక్సుల పక్కన నేల మీద పోసిన రాశి. రాశి పక్కన గొంతుకూర్చొని, తలకు తువ్వాల చుట్టుకొని, మోకాళ్ళ మీద చేతులు చాపుకొన్న మనిషి మా అన్న. వెనుక నీలం టార్పాలిన్ పందిరి, దాని నీడలో నలుగురైదుగురు మనుషులు. ఒక మూల ఆవు. ఆ వెనుక రెండు ఆటోలు, పైన తెల్లని ఆకాశం. చూడగానే కన్నును లాగేది ఆ ఎరుపు. అంత ఎరుపు మా కరువు సీమలో మొహరం పీర్ల గుండం దగ్గర తప్ప మరెక్కడా చూసి ఉండరు.

ఆ ఎరుపు వెనుక లెక్క ఒకటున్నది. అది కూడా చెబుతాను. 2023 జూలైలో టమేటా కిలో నూరు రూపాయలు దాటిపోయింది. మదనపల్లె మార్కెట్టు సంగతి రోజూ పత్రికలలో వచ్చేది. రైతుబజార్లలో సర్కారు వారు కిలో 50 రూపాయలకు అమ్మిస్తే జనం బారులు తీరి కొన్నారు. ఆ ధర చూసి రైతులు నారు నాటారు. మా అన్న కూడా ఒక ఎకరా నాటాడు. నాటిన రెండు నెలలకు, రెండున్నర నెలలకు టమేటా కాపుకు వస్తుంది. ఒకరు నాటితే ఫరవాలేదు. జూలై ధర చూసిన వారందరూ జూలైలోనే నాటితే, సెప్టెంబరులో అందరి పండ్లూ ఒక్కసారే మార్కెట్టుకు వస్తాయి. దాచుకొందామంటే టమేటా బియ్యం కాదు, బుడ్డలు కాదు; మూడో నాటికి నీళ్ళు కారుతుంది. ఆ సెప్టెంబరులో కిలో ఐదు రూపాయల లోపుకు పడిపోయింది. పండ్లను రోడ్ల పక్కన పారబోసి పోయిన రైతుల బొమ్మలు మీరు కూడా పత్రికలలో చూసి ఉంటారు.

ఫోటో తీసిన రోజున మా అన్న తెచ్చినవి 40 బాక్సులు. బాక్సుకు 25 కిలోల లెక్కన వెయ్యి కిలోలు. కిలో నాలుగు రూపాయలు పలికింది. వచ్చింది నాలుగు వేలు. కోతకు వచ్చిన ఐదుగురికి మనిషికి 300 చొప్పున 1500. ఆటో బాడుగ వెయ్యి. కమీషను 400. మిగిలింది 1100. నారు, ఎరువు, మందులు, కట్టెలు పాతి తీగలు కట్టించిన కూలి, ఇవి ఏవీ ఈ లెక్కలోకి రాలేదు. ఆ 1100 కూడా చేతికి వచ్చింది సాయంత్రమే. నేను ఫోటో తీసేనాటికి ఒక్క బాక్సు కూడా అమ్ముడు కాలేదు.

ఈ లెక్క నాకు ముందే తెలుసు. తెలిసే ఆ ఫోటోను ఎన్నుకొన్నాను. నా కష్టమంతా అక్కడే వచ్చింది.

మొదట పని సంగతి చెప్పి ఆ తరువాత కష్టం సంగతి చెబుతాను. ఫోటో మీద పెన్సిలుతో గళ్ళు గీసి, కాన్వాసు మీద అవే గళ్ళు పెద్దవిగా గీసుకొని, ఒక్కొక్క గడిలో ఉన్నది ఒక్కొక్క గడిలోకి దించుకోవడం పాత పద్ధతి. సినిమా పోస్టర్లను చేత్తో రాసిన కాలంలో మన పెయింటర్లందరూ ఇదే చేశారు. దీనితో కొలతలు సరిపోతాయి. కాని కెమెరాకు ఒక చెడ్డ గుణమున్నది. దగ్గర వస్తువును ఉన్నదానికన్నా పెద్దది చేసి, దూరపు మనిషిని ఉన్నదానికన్నా చిన్నవాణ్ణి చేస్తుంది. నా ఫోటోలో ముందు బాక్సు మా అన్న ఛాతీ కన్నా వెడల్పు! అన్నను కొంచెం పెంచి, బాక్సును కొంచెం తగ్గించాను. ఈ స్వాతంత్ర్యం తీసుకోకపోతే కుంచె ఎందుకు, జిరాక్సు చాలు.

తెల్లని కాన్వాసు మీద నేరుగా రంగు వెయ్యరు. కళ్ళకు తెలుపు కొట్టి, వేసిన ప్రతి రంగూ నల్లగా కనిపిస్తుంది. అందుచేత ముందు మట్టిరంగు పలుచగా పూసి ఆరనిస్తారు. నేను పసుపు జేగురు పూశాను. అంగడిలో గొట్టం మీద దాన్ని ఎల్లో ఆకర్ అని రాస్తారు. ధర చూస్తే ఏ సీమ నుంచి ఓడ మీద వచ్చిందో అనిపిస్తుంది. తీరా చూస్తే ఆ మన్ను పాత కర్నూలు జిల్లా బేతంచెర్లలో గనులలో తవ్వేదే. ఇనుము కలిసిన మన్ను అది. దాన్నే కాలిస్తే అందులోని నీరు పోయి ఎర్ర జేగురు అవుతుంది. ఓర్వకల్లు వైపు కేతవరం కొండ రాళ్ళ మీద, కడప జిల్లా చింతకుంట గుహలలో వేల ఏళ్ళ కిందటి మనుషులు జింకలనూ ఎద్దులనూ రాసిపోయింది ఇలాంటి ఎర్రమన్నుతోనే. రంగులలో బరువుకోసం కలిపే ముగ్గురాయి పాత కడప జిల్లా మంగంపేటలో దొరుకుతుంది. ప్రపంచంలోని పెద్ద నిల్వలలో అది ఒకటి. ఇక తెల్లరంగు. తెల్లరంగును అవిసెనూనెతో నూరితే కొన్నాళ్ళకు పసుపుపచ్చ తిరుగుతుందని కొందరు తయారీదారులు కుసుమనూనె వాడతారు. కుసుమలు! మా చిన్నప్పుడు జొన్నచేల గట్ల వెంట, పశువులు లోపలికి రాకుండా వేసిన ముళ్ళ చెట్టు అది. మా జేజి ఆ నూనెతోనే పోపు పెట్టేది. ఈ సంగతి చదివి మా ఆవిడతో చెప్పాను. "అయితే ఆ నూనె నాకివ్వండి, పోపు పెడతాను. వాసనైనా మారుతుంది" అన్నది.

నూనె రంగు ఆరడమంటే బట్ట ఆరినట్లు కాదు. బట్టలో నీరు ఆవిరై పోతుంది. నూనె ఎక్కడికీ పోదు. గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని గట్టిపడుతుంది. పైకి ఆరినట్లున్నా లోపల నెలల తరబడి ఆ పని సాగుతూనే ఉంటుంది. అందుకే కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ ఉండాలంటారు. ఈ వరస తప్పితే పై పొర ముందు బిగుసుకొని, తరువాత కింద కదలిక వచ్చి పగుళ్ళు పడుతుంది. కర్నూలు, కడప ఎండలలో ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. 2024 వేసవి సెలవులలో నేను పని మొదలుపెట్టినప్పుడు పగలు కుంచె పట్టుకొంటే చెమట చుక్కలు కాన్వాసు మీద పడేవి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎనిమిది దాకా రాసేవాణ్ణి. కాలేజీ చదివే రోజులలో కూడా నేను నాలుగింటికి లేచి ఎరుగను.

ఇక కష్టం. పండ్ల రాశిని రాయడం మొదలుపెట్టానా, అది అందంగా వస్తున్నది! రాయకుండా ఉండలేనంత అందంగా వస్తున్నది. వెలుగు పడే వైపు నారింజ కలిసిన ఎరుపు, నీడ వైపు వంగపండు కలిసిన ఎరుపు, నీలం టార్పాలిన్ కింద ఉన్న పండ్ల మీద ఆ నీలం తళుకు. ఎవరు వచ్చి చూసినా ఒకటే మాట. "అబ్బ, ఎంత కళకళలాడుతున్నదండీ! లక్ష్మీదేవి కొలువైనట్లున్నది." పక్కింటి పెద్దాయన రాశిని చూసి, "పాడీ పంటా అంటే ఇదీ" అన్నారు. మా స్నేహితులొకరు కొత్త ఇల్లు కట్టుకొన్నారు. భోజనాల గదిలో పెట్టుకొంటానని 15 వేలు ఇస్తానన్నారు. మాట వరసకు కాదు, నిజంగానే. ఆ రోజు రాత్రి కాగితం తీసుకొని లెక్క వేశాను. ఆ ధరకు కిలో నాలుగు చొప్పున 3750 కిలోల టమేటాలు వస్తాయి. మా అన్న ఆ ఒక్క కోతలో కోసినదానికి దాదాపు నాలుగింతలు. రాసిన పండ్లకున్న వెల పండిన పండ్లకు లేదు.

వారిని తప్పు పట్టడం లేదు. రాశి ఎర్రగా ఉంటే పంట బాగా పండిందనే అనుకుంటారు. పండిన మాట నిజమే గదా. ధర అనేది రంగులో కనబడదు. కిలో నూరు పలికిన పండూ ఎరుపే, కిలో నాలుగు పలికిన పండూ ఎరుపే. మరి ఈ బొమ్మ చూసేవారికి ఆ రోజు ఎలాంటి రోజో తెలిసేదెట్లా? పండ్లను కుళ్ళినట్లు రాద్దామా? అవి కుళ్ళలేదు, మా అన్న కుళ్ళిన పండ్లు మార్కెట్టుకు తేడు. అన్న కంట నీరు పెట్టిద్దామా? ఆయన ఏడవలేదు. గొంతుకూర్చొని ఆటోవాడితో వానల సంగతి మాట్లాడుతున్నాడు. లేనిది పెట్టి జాలి పుట్టించడం నా చేత కాలేదు.

ఈ ఆలోచనలో ఉండగానే నాకు పాత ఫోటోలు కొన్ని గుర్తుకు వచ్చాయి. 1876-78 నాటి మద్రాసు రాజధాని కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను పిప్పి చేసింది. ఆ కరువులో విల్లోబీ హూపర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి ఎముకలు తేలిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఇప్పటికీ కరువు చరిత్ర పుస్తకాలలో అవే అచ్చవుతాయి. ఫోటో తీసుకొని, వాళ్ళకు తిండి మాట చూడకుండా పంపివేశాడని ఆయన మీద అపవాదు ఉన్నది. కాని ఆ ఫోటోలే లేకపోతే ఆ కరువును ఇవాళ మనం కళ్ళతో చూసి ఉండేవాళ్ళం కాము. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. ఆ మనుషుల పేర్లు మాత్రం ఫోటోల కింద లేవు. నేను తీసిన ఫోటోలో మనిషి పేరు నాకు తెలుసు; నా తోడబుట్టినవాడు. అందుచేత ఆయన చూసి ఏమంటాడో వినకుండా ఈ బొమ్మను ఎవరి భోజనాల గదికీ పంపదలచుకోలేదు.

2024 దసరా సెలవుల ముందు మా అన్న కంటి డాక్టరుకు చూపించుకోవడానికి కడపకు వచ్చాడు. వసారాలోకి తీసుకుపోయి బొమ్మ ముందు నిలబెట్టాను. చాలాసేపు చూశాడు. కంట్లో మందు వేయించుకొని వచ్చాడు గనుక కళ్ళు చికిలించి మరీ చూశాడు.

"బాగుండాదిరా. మిట్టమధ్యాన్నమే గదా ఇది?" అన్నాడు.

"అవునన్నా. ఎట్లా తెలిసింది?"

"నీడలు కాళ్ళ కిందనే ఉండాయి గదా. మిట్టమధ్యానానికి బాక్సులు నిండుగా ఉండాయంటే ఇంగేముంది? పొద్దున యాలంలో ఎవురూ ముట్టలేదని. ఆ పొద్దు ఇట్లనే కూచ్చోని ఉంటిని."

చూశారా! నేను నెలల తరబడి వెతికింది అక్కడే ఉన్నది. ఫోటోలో ఉన్న నీడను ఉన్నట్లే రాశాను గనుక అది ఆ గడియను చెబుతూనే ఉన్నది. మార్కెట్టు తెలిసినవాడికి ఆ గడియే ధర చెబుతుంది. కాలేజీ వీధిలో ఉండే మాకు చదవను రాలేదు, అంతే. ప్రబంధం చదివేవాడికి నిఘంటువు కావలసినట్లు, ఈ బొమ్మకు ఒక రైతు కావలసి వచ్చాడు.

ఆ తరువాత ఆయన వేలు పెట్టి పందిరి నీడలో ఒక నల్లని మచ్చ చూపించాడు.

"ఈయమ్మ మొగమేదిరా?"

ఫోటోలో ఆమె ముఖం లేదు. ఎండకు కొలత పెట్టుకొన్న కెమెరాకు నీడలో ఉన్నదంతా చీకటి. కంటికి అలా ఉండదు. ఎండలో నుంచి నీడలోకి చూసినప్పుడు కన్ను రెండు క్షణాలలో సర్దుకొని నీడలో మనుషులను పోల్చుకుంటుంది. ఫోటో సర్దుకోదు. లేని ముఖాన్ని నేను కల్పించదలచుకోలేదు గనుక, ఆ చోట ముదురు రంగు పూసి వదిలిపెట్టాను.

"మన కోతకొచ్చే అవ్వరా. నాయన కాలం నుంచి వస్తాది. ఆ పొద్దు కూలీ లెక్క ఇచ్చేదానికి సాయంత్రం దాకా ఈడనే కూచ్చోనింది. నన్ను రాసి ఆమెను ఇడిసిపెడితే ఎట్లరా?"

అన్న మాట తీసివేయడం నాకు అలవాటు లేదు. 2025 సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు స్కెచ్చి పుస్తకం వెంట తీసుకుపోయాను. ఆ అవ్వ ఇంటి ముందర వేపచెట్టు కింద కూర్చోబెట్టి, చెట్టు నీడలో ముఖం ఎలా కనబడుతుందో చూశాను. నీడంటే నలుపు అనుకుంటాం గాని అందులో ఎన్ని రంగులున్నవి! నుదుటి మీద ఆకాశపు నీలం, చెంప కింద నేల నుంచి పైకి కొట్టే ఎర్రమన్ను వెలుగు, ముక్కు పక్కన ఆకుల పచ్చ. ఫోటో నలుపు అని కొట్టివేసిన చోట ఇంత సంసారమున్నది.

"నన్నెందుకు నాయనా రాసేది? పండ్లు రాసుకోరాదా?" అన్నది అవ్వ.

"పండ్లు రాసినానవ్వా. కోసినవాళ్ళు లేకపోతే ఎట్లా?"

కొంచెంసేపు ఆలోచించి ఒక షరతు పెట్టింది. ఆ రోజు కట్టుకొన్న చీర వద్దట. కోతకు పోయే చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కొని ఉంటారు, ముళ్ళు, మందులు తగలకుండా. "ఆ చొక్కాయితో రాయబాక. నా మనవరాలు చూస్తే నగుతాది." చొక్కా ఉండాలని నాకున్నది, పని గుర్తు అదే గదా. వద్దని ఆమెకున్నది. బేరం ఆడుకొన్నాం. చివరకు చొక్కా ఉంటుందనీ, పైట కొంగు భుజం మీదుగా తీసి ముందు గుండీలు కనబడకుండా కప్పుతాననీ ఒప్పందం అయింది. రాయలవారు ఆముక్తమాల్యదలో వానాకాలాన్ని వర్ణిస్తూ తడికట్టెలతో పొయ్యి రాజుకోక అవస్థపడే ఇల్లాలిని కూడా చూశాడు. క్లాసులో ఆ ఘట్టం ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆ ఇల్లాలు తనను ఎలా వర్ణించాలో రాయలతో బేరం ఆడి ఉంటే ఏమని ఉండేదో అని ఆ వేపచెట్టు కింద మొదటిసారి అనిపించింది.

ముఖం రాయడానికి మూడు వారాలు పట్టింది. అది వచ్చిన తరువాత బొమ్మ తూకం మారింది. ఇదివరకు చూసినవారి కన్ను ఎరుపు మీద పడి అక్కడే ఆగేది. ఇప్పుడు ఎరుపు మీద నుంచి మా అన్న చేతుల మీదికి, అక్కడి నుంచి నీడలోకి పోయి, అక్కడ కూర్చొని ఎదురుచూస్తున్న ముఖం దగ్గర ఆగుతున్నది. రాశిలో ఒక్క పండు కూడా మార్చలేదు. ఎరుపు తగ్గించలేదు. పంట బాగా పండింది. ఆ మాట ఉండవలసిందే.

కింద పేరు రాయవలసి వచ్చింది. "సంత", "శ్రమజీవులు", "కర్షక లక్ష్మి" అని మా కాలేజీ మిత్రులు తలా ఒక పేరు చెప్పారు. మా అన్నను ఫోనులో అడిగాను. "మార్కెట్లో చీటీ మీద ఏం రాస్తారో అదే రాయి" అన్నాడు. అందుచేత బొమ్మ వెనుక, కుంచెతో, ఇలా రాశాను: "టమేటా. 40 బాక్సులు. కిలో 4 రూపాయలు. సెప్టెంబరు 2023." అవే మాటలు చిన్న అక్షరాలతో చట్రం మీద కూడా రాయించాను.

కొత్త ఇంటి స్నేహితులు వచ్చి చూశారు. ముఖం బాగున్నదన్నారు. చట్రం మీది అక్షరాలు చదివి కాస్త నసిగారు. "భోజనం చేసేటప్పుడు ఎదురుగా ఇది ఉంటే బాగుండదేమో. పేరు వెనకనే ఉంచి ముందు తీసివేస్తే తీసుకుపోతాను" అన్నారు. మంచి మనిషి, ఆయన కోరిక కూడా అన్యాయమైనదేమీ కాదు. పేరు తియ్యడం కుదరదని చెప్పాను. ఇద్దరం కాఫీ తాగి వేరే సంగతులు మాట్లాడుకొన్నాం. పదిహేను వేలు పోయిందని మా ఆవిడ అంటుందేమోనని భయపడ్డాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాడు బట్టలారేసే తీగను వసారాలో నుంచి తీయించి మిద్దె మీద కట్టించింది. అంతకన్నా పెద్ద సన్మానం నేను ఎదురుచూడలేదు.

ఇప్పుడు ఆ బొమ్మ మా వసారా గోడ మీద ఉన్నది. అన్నకు ఇస్తానన్నాను గాని, "మా మట్టిమిద్దె గోడకు చెమ్మ, పాడైపోతాది, నీ దగ్గరే పెట్టుకో" అన్నాడు. అవ్వకు మాత్రం బొమ్మను ఫోటో తీయించి, ఫ్రేము కట్టించి ఇచ్చాను. ఫోటో చూసి బొమ్మ రాసి, ఆ బొమ్మకు మళ్ళీ ఫోటో! మనవరాలు నవ్వలేదట, తన పుస్తకాల పెట్టె పైన పెట్టుకొన్నదట.

నూనె రంగు లోపల పూర్తిగా గట్టిపడడానికి గడువు పడుతుందని చెప్పాను గదా. అందుకే రాసిన తరువాత ఆరు నెలలు, సంవత్సరం ఆగి గాని వార్నీషు వెయ్యరు. నేను ఆ గడువు కోసం కాచుకొని ఉండగా మా అన్న ఫోను చేశాడు. మళ్ళీ టమేటా నారు పోశాడట. "ఈసారి అర ఎకరానే. మిగిలింది కొర్ర" అన్నాడు. ధర ఎట్లా ఉంటుందన్నా అని అడిగితే నవ్వి, "అది నువ్వే రాయాల" అన్నాడు.